మామిడికాయ లేని ఉగాది పచ్చడి

నా చిన్నప్పుడు మా ఇంటికి దుబాసీని నేనే. పదేళ్ళ పిల్లకి అంత పెద్ద పదవి ఎలా దక్కిందంటే, ఆ పనికి ఇంట్లో ఇంకెవరూ ఖాళీగా లేరు. నాన్న బస్తరులోని బచేలిలో, ఇనుప గనిలో పనిచేసేవారు. పొద్దున్నే బస్సులో కొండమీదికి వెళ్ళి, సాయంత్రానికి కనుబొమ్మల దాకా ఎర్ర దుమ్ము పట్టించుకుని దిగేవారు. అమ్మ చంటి తమ్ముడితో సతమతమయ్యేది. మిగిలింది నేనూ, మా అమ్మమ్మా. అమ్మమ్మకి తెలుగు తప్ప మరో ముక్క రాదు. నేను కాలనీ బడిలో హిందీలో చదివేదాన్ని కాబట్టి, బయట ఏ పని పడ్డా నన్ను పక్కన నిలబెట్టుకునేది.

మామూలుగా పురిటికి కూతురే పుట్టింటికి వెళ్తుంది. ఆ ఏడు అమ్మకి ఒంట్లో బాగాలేదు, రైలు ప్రయాణం వద్దన్నారు డాక్టరుగారు. దాంతో పుట్టిల్లే రైలెక్కి మా దగ్గరికి వచ్చింది. విజయనగరం పక్క పల్లెటూరి నుంచి రెండు గోనె సంచులు, ఒక ఇత్తడి బిందె, ఒక కొబ్బరికాయల మూట, వీటన్నిటితో పాటు అమ్మమ్మని నాన్న వెళ్ళి తీసుకొచ్చారు. దారిలో సొరంగం వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుందట. ఆ దారిలో సొరంగాలు తక్కువేమీ కాదు కనక ఆవిడ ప్రయాణమంతా దైవధ్యానంలోనే గడిచిందని నాన్న ఏడిపించేవారు.

మా అమ్మమ్మకి మాట్లాడకపోతే అన్నం అరగదు. వాళ్ళ ఊళ్ళో వాకిట్లో కళ్ళాపి చల్లేలోపు నాలుగిళ్ళ కబుర్లు తెలుసుకుని, ఐదో ఇంటికి చేరవేసే మనిషి. ఇక్కడ చూస్తే మా క్వార్టర్ల వరసలో తెలుగువాళ్ళు రెండిళ్ళే. పక్కన బెంగాలీలు, అటు బీహారువాళ్ళు, మూలింట్లో మలయాళం వాళ్ళు. అందరూ అమ్మమ్మని చూసి నవ్వేవారు, అమ్మమ్మా నవ్వేది. ఎంతసేపని నవ్వుతారు? రెండు నెలలు తిరిగేసరికి ఆవిడకి విసుగొచ్చేసింది.

"ఒలే, నాకిక్కడ నాలిక తుప్పట్టిపోతందే. ఉగాది సూసుకుని నానెలిపోతాను. టిక్కెట్టు తీయమని మీ నాన్నతో సెప్పు" అంది ఒక రోజు నా తల దువ్వుతూ.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. తమ్ముడు పుట్టాక ఇంట్లో నన్ను పట్టించుకునే తీరిక అమ్మమ్మకే ఉండేది. జడ వేస్తూ కథ మొదలుపెట్టేది. జడ పూర్తయినా కథ పూర్తి కాకపోతే, జడ విప్పి మళ్ళీ వేసేది. అలాంటి మనిషి రైలెక్కి వెళ్ళిపోతే నా గతేమిటని దిగులు పట్టుకుంది. ఎలాగైనా అమ్మమ్మకి ఈ ఊరు నచ్చేట్టు చెయ్యాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. నేను చేసిన ఘనకార్యాలన్నీ అక్కణ్ణించే మొదలయ్యాయి.

ఇక్కడ భాషల సంగతి కొంచెం చెప్పాలి. మా చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళల్లో మాట్లాడుకునేది గోండీ. ఆఫీసుల్లో, బళ్ళో, బస్సులో హిందీ. ఈ రెంటికీ మధ్య ఇంకోటి ఉంది, హల్బీ. వేర్వేరు ఊళ్ళవాళ్ళు, వేర్వేరు కులాలవాళ్ళు సంతలో కలిస్తే మాట్లాడుకునేది అందులోనే. కాలనీవాళ్ళకి హిందీ వస్తే చాలు, జీవితం గడిచిపోతుంది. హల్బీ నేర్చుకోవాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. మా ఎదురింటి బాబాయిగారు అరుగుమీద కూర్చుని, "మనమేమైనా ఇక్కడ ఉండిపోతామా? రిటైరైతే పెట్టె సర్దుకోవడమే. అయినా వాళ్ళే హిందీ నేర్చుకుంటే బాగుపడతారు గానీ, మనం వాళ్ళ మాట నేర్చుకుని ఏం చేస్తాం?" అనేవారు. నాన్న కూడా తలూపేవారు. నాకైతే ఆ మాటలు పట్టేవే కావు. నా దృష్టిలో నాకన్నీ వచ్చు.

అమ్మమ్మకి నచ్చిన చోటు ఒకటే, వారానికోసారి జరిగే సంత. మొదటిసారి వెళ్ళినప్పుడే అక్కడి ఆడవాళ్ళు నేలమీద బారులు తీరి కూర్చుని, ముందు చింతపండు, ఇప్పపువ్వు, ఆకు దొన్నెలు పోసుకుని, అరుపులూ కేకలూ లేకుండా ఒకరితో ఒకరు కబుర్లాడుకోవడం చూసి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అందులో చింతపండు అమ్మే ఒకావిడ దగ్గర కూర్చుండిపోయింది. అమ్మమ్మ కన్నా నాలుగైదేళ్ళు చిన్నదై ఉంటుంది. ముంజేతుల నిండా పచ్చబొట్లు, నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి. అమ్మమ్మ వెంటనే ఆవిడకి 'చెల్లి' అని పేరు పెట్టేసింది. నన్ను ముందుకు తోసి, "దీనికెంతమంది పిల్లలో అడగవే" అంది.

నేను హిందీలో అడిగాను. ఆవిడ హల్బీలో ఏదో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మాటే చెప్పి ఉంటే ఈ కథే లేదు. కానీ అమ్మమ్మ నా మొహంలోకి ఎంత ఆశగా చూస్తోందంటే, తెలీదనడానికి నోరు రాలేదు. "ముగ్గురు కొడుకులట" అన్నాను.

"ఆహా. పెళ్ళిళ్ళయ్యాయా?"

నేను మళ్ళీ ఏదో అడిగాను, ఆవిడ మళ్ళీ ఏదో చెప్పింది. "పెద్దవాడికి అయిందట. కోడలు మంచిది కాదట" అన్నాను. అమ్మమ్మ ఆవిడ భుజంమీద చెయ్యి వేసి, నాలుక చప్పరించి, తన ఊళ్ళో ఒక కోడలి కథ అందుకుంది. చింతపండు ఆవిడ కళ్ళు మూసుకుపోయేట్టు నవ్వింది. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. ఇందులో తప్పేముందో నాకు తోచలేదు.

అలా వారం వారం ఆవిడ సంసారాన్ని నేను కల్పించుకుంటూ పోయాను. పెద్ద కోడలు అత్తకి కూడు పెట్టదు. రెండోవాడు అడవిలో ఎలుగుబంటిని చూసి చెట్టెక్కాడు. మూడోవాడికి నత్తి. వెనకటి వారం ఏం చెప్పానో మరిచిపోకుండా నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకునేదాన్ని కూడా. అమ్మమ్మ ఇంటికొచ్చి అవన్నీ అమ్మకి చెప్పేది. "పాపం, ఆ ముసల్దానికెన్ని కష్టాలో" అని అమ్మ కూడా బాధపడేది. ఆ పేజీ ఈనాటికీ నా కళ్ళకు కట్టినట్టుంటుంది. బళ్ళో వ్యాసాలు కూడా అంత శ్రద్ధగా రాసిన జ్ఞాపకం లేదు.

ఉగాది ఇంకో మూడు వారాలుందనగా అమ్మమ్మకి మామిడికాయలు గుర్తొచ్చాయి. కాలనీ దాటగానే పల్లె మొదట్లో మామిడి చెట్లు విరగకాసి ఉన్నాయి. సంతలో చూస్తే ఒక్క కాయ లేదు. ఇదేం చోద్యమని, చింతపండు ఆవిణ్ణి అడగమంది. నేను ఆ చెట్లవైపు చేత్తో చూపించి, హిందీలో అడిగాను. ఆవిడ నవ్వు ఆపి, ఎంతో శ్రద్ధగా, చాలాసేపు చెప్పింది. నేలని చూపించింది, ఆకాశాన్ని చూపించింది, అమ్మమ్మ గుండెమీద వేలు పెట్టింది. నేను తలూపుతూ విని, "వచ్చే వారం తెస్తానంది" అన్నాను.

వచ్చే వారం తేలేదు. మళ్ళీ అడిగితే ఆవిడ మళ్ళీ అంతే శ్రద్ధగా అంతా చెప్పింది. ఈసారి తల అడ్డంగా ఊపడం అమ్మమ్మ కూడా చూసింది. "కాయ ఇంకా పిందెలేనట" అన్నాను. అమ్మమ్మ నమ్మినట్టే ఉంది గానీ మొహం చిన్నబోయింది. ఆ సాయంత్రం ఎదురింటి బాబాయిగారు ఆ సంగతి విని, "పిందెలూ కాదు, పాడూ కాదు. కాలనీవాళ్ళంటే వాళ్ళకి గిట్టదు. ప్రతి ఏడూ ఇంతే, ఉగాదికి ఒక్క కాయ అమ్మరు. జగదల్‌పూర్ నుంచి తెప్పించుకోవలసిందే" అన్నారు. అమ్మమ్మ నాన్నతో, "టిక్కెట్టు సంగతి మరిసిపోకు బాబూ" అంది.

ఇక నేను ఊరుకుంటే లాభం లేదనిపించింది. చెప్పిన అబద్ధం నిజమైపోతే అది అబద్ధం కాకుండా పోతుందని పదేళ్ళ బుర్రకి ఒక లెక్క ఉండేది. ఉగాదికి రెండు రోజుల ముందు, బడి వదిలాక, పల్లె మొదట్లో ఉన్న చెట్టు దగ్గరికి వెళ్ళాను. కొమ్మ చేతికందేట్టే ఉంది. నాలుగు కాయలు కోసి, బడి సంచిలో పుస్తకాల కింద పెట్టుకుని ఇంటికొచ్చాను. చింతపండు ఆవిడ దారిలో కనిపించి మీకిమ్మని ఇచ్చిందని చెప్పాను.

అమ్మమ్మ ఆ కాయల్ని రెండు చేతుల్లోకి తీసుకుని వాసన చూసింది. "సూసావా, మా సెల్లి మాట తప్పదు" అంది. ఆ మొహం చూసి నేను గెలిచేశాననుకున్నాను.

మర్నాడు, ఉగాది ముందురోజు, అమ్మమ్మ వాళ్ళ వైపు కొత్తమావాస్య. ఆ వేళ కొత్త మామిడికాయ ముందు ఇంటి పెద్దలకి, అంటే చనిపోయినవాళ్ళకి, నైవేద్యం పెడతారు. అది పెట్టేదాకా ఇంట్లో ఎవరూ కొత్తకాయ కొరకరు. అమ్మమ్మ తెల్లారకుండానే స్నానం చేసి, ఒక కాయ కోసి, మా తాతయ్యకీ ఆయన ముందువాళ్ళకీ పెట్టింది. తాను మాత్రం ముక్క నోట్లో వేసుకోలేదు. ఆ రోజే సంత. "ఇచ్చిన మనిషి ముందు తినాలి, తరవాతే మనం" అని ముక్కలు ఆకులో చుట్టి, బారులో అందరికీ తలో ముక్కా ఇవ్వాలని మిగతా మూడు కాయలూ, చెల్లికి బదులుగా మర్నాటి పూజకి కొన్న కొబ్బరికాయా సంచిలో వేసుకుని బయల్దేరింది. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుతానన్న ధైర్యం నాకుంది. మూడు నెలల అనుభవం మరి.

చింతపండు ఆవిడ పక్కన ఆ రోజు ఒక పడుచు పిల్ల కూర్చుని ఉంది. అమ్మమ్మ నవ్వుతూ వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఆకు విప్పి, మామిడి ముక్క తీసి ఆవిడ నోటి దగ్గర పెట్టబోయింది. ఆవిడ వెనక్కి జరిగిపోయింది. అంత వేగంగా ఆవిడ కదలడం నేనెప్పుడూ చూడలేదు. పక్కనున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. దొన్నెలు కుట్టే చేతులు ఆగిపోయాయి. ఎవరూ అరవలేదు, తిట్టలేదు, కానీ ఆ బారు పొడుగునా ఏదో గుసగుస పాకింది. అమ్మమ్మ ముక్క పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఏటంటారే ఆళ్ళు?" అంది నాతో, మెల్లగా.

ఆ పడుచు పిల్ల నావైపు తిరిగింది. మంచి హిందీలో, నాకన్నా మంచి హిందీలో, ఈ కాయలు ఎక్కడివని అడిగింది. దంతెవాడ దగ్గర ఆశ్రమ పాఠశాలలో చదువుకుందట. కోశానని ఒప్పుకున్నాను. ఏ చెట్టువని అడిగింది. చెప్పాను. అది వాళ్ళ పల్లెవాళ్ళ చెట్టు. ఆమె కోపగించుకోలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. ఆమా తిహార్ అని వాళ్ళకి మామిడి పండుగ ఒకటుంది. ఆ రోజు కొత్తకాయ ముందు పెద్దలకి, చనిపోయినవాళ్ళకి పెడతారు. అందాకా ఊళ్ళో ఎవరూ కాయ కొయ్యరు, తినరు, అమ్మరు. ఎవరైనా తొందరపడితే ఆ ఏడు పంటకి మంచిది కాదంటారు.

తరవాత ఆమె చెప్పిన మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చింది. "మా అమ్మ మీ అమ్మమ్మకి ఇదంతా రెండు వారాలు చెప్పింది. మా పండుగ రోజు మా ఇంటికి రా, మొదటి బుట్ట నీకే ఇస్తాను అని కూడా చెప్పింది. నువ్వు చెప్పలేదా?" అంది.

అమ్మమ్మ ఇంకా నా మొహంలోకే చూస్తోంది. ఆ క్షణంలో కూడా ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చిన మాట నిజం. కానీ ఎదురుగా హిందీ వచ్చిన మనిషి ఉంది, చుట్టూ ఇంతమంది ఉన్నారు, చేతిలో ముక్క పట్టుకుని అమ్మమ్మ ఉంది. అంతా చెప్పేశాను. మామిడి పండుగ సంగతి, పిలుపు సంగతి, నేను కోసిన సంగతి. మూడు నెలల దుబాసీ ఉద్యోగంలో నేను ఉన్నదున్నట్టు చెప్పింది అదే మొదటిసారి. అదీ నా దొంగతనం గురించి.

అమ్మమ్మ ముక్కని ఆకులో పెట్టింది. తరవాత ఆ పడుచు పిల్లని చూపించి, "మరి ఇది పెద్దకోడలేనా?" అని అడిగింది.

"కాదు. కూతురు. ఆవిడకి ఇదొక్కతే. కొడుకుల్లేరు" అన్నాను, ఆ పిల్లనే అడిగి తెలుసుకుని, తల దించుకుని.

"ఎలుగొడ్డుని సూసినోడు?"

"లేడు."

"నత్తోడు కూడా నేడా?"

"నేడు" అన్నాను వెక్కుతూ, ఆవిడ యాసలోనే. అమ్మమ్మ పెదవులు బిగబట్టింది. నవ్వు ఆపుకుంటోందని అప్పుడు తెలియలేదు, చాలా ఏళ్ళ తరవాత తనే చెప్పింది. కానీ మరు నిమిషంలో ఆవిడ గొంతు మారిపోయింది. "పొద్దున్న మీ తాతకి దొంగ కాయ ఎట్టించీసేవే" అంది. ఆ ఒక్క మాట తగిలినట్టు నాకు ఇంకే దెబ్బా తగల్లేదు.

ఆపైన అమ్మమ్మ చేసిన పని చూడవలసిందే. ముక్కల్ని మళ్ళీ ఆకులో చుట్టి, సంత మధ్యలో లేచి నిలబడి, చింతపండు ఆవిడ ఎదుట రెండు చెంపలూ టపటపా వాయించుకుంది. నన్ను పక్కకి లాగి నాచేతా లెంపలు వేయించింది. చాలవన్నట్టు గుంజీళ్ళు కూడా తీయించింది. పెద్దావిడ కదా, తనకి గుంజీళ్ళు సాధ్యం కాక సగంలో మోకాలు పట్టుకుని ఆగిపోయింది. అక్కడివాళ్ళకి ఈ తెలుగు ప్రాయశ్చిత్తం కొత్త. మొదట బిత్తరపోయి చూశారు. తరవాత దొన్నెలు కుట్టే ముసలావిడ ఒకామె ముందుగా నవ్వింది. ఆ నవ్వు బారు చివరిదాకా వెళ్ళింది. చింతపండు ఆవిడ లేచొచ్చి అమ్మమ్మ చేతులు పట్టుకుని ఆపింది.

కాయల్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి పెద్దలకి చెప్పుకోవాలని కూతురు చెప్పింది. నలుగురం కలిసి వెళ్ళాం. చింతపండు ఆవిడ చెట్టు మొదట్లో గుప్పెడు బియ్యం పోసి, మూడు కాయలూ, ముక్కల పొట్లమూ అక్కడ పెట్టి, ఏదో మెల్లగా చెప్పుకుంది. అమ్మమ్మ కొబ్బరికాయ తీసి కొట్టింది. తన భాషలో తనూ చెప్పుకుంది. మధ్యలో నావైపు తిరిగి, "వీళ్ళదీ మన కొత్తమావాసే గదే. దినం వేరు, అంతే. ఎదురింటాయన గిట్టదు గిట్టదంటాడు గానీ, ఇన్నేళ్ళనించీ ఒక్కసారి కూకుని అడిగేడా?" అంది.

మర్నాడు మా ఇంట్లో ఉగాది పచ్చడి మామిడికాయ లేకుండానే అయింది. నాన్న ఒక చెంచా నోట్లో వేసుకుని, వగరేదని అడిగారు. "ఈ ఏడు ఐదే. ఆరోది ఆళ్ళ పండగనాడు తింటాను. టిక్కెట్టు అందాక ఆపు బాబూ" అంది అమ్మమ్మ. నేను గిన్నె కింద పెట్టేసి ఆవిడ నడుం పట్టుకున్నాను. నా తలమీద ఒక్క మొట్టికాయ వేసింది, గట్టిగానే. మొత్తం నేరానికి ఇంట్లో నాకు పడిన శిక్ష అదొక్కటే.

శిక్ష అనుకోవాలో చదువు అనుకోవాలో తెలియనిది ఇంకోటుంది. ఆ సంతలో ఉప్పు ఇచ్చి సారపప్పు తీసుకోవడం, గుడ్లు ఇచ్చి చింతపండు తీసుకోవడం, అలా వస్తువుకి వస్తువు మార్చుకోవడం అప్పట్లో మామూలు. అమ్మమ్మ ఆ పద్ధతిని మాటలకి పెట్టింది. చింతపండు ఆవిడ ఒక హల్బీ మాట ఇస్తే, అమ్మమ్మ ఒక తెలుగు మాట ఇచ్చేది. ఆవిడ చెట్టుని చూపించి 'రూక్' అంటే, అమ్మమ్మ 'సెట్టు' అనేది. ఊరికే తీసుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. నా పని పక్కన కూర్చుని ఆ మాటలు నోటుపుస్తకంలో రాయడం. రాసేటప్పుడు తెలియకపోతే తెలియలేదని చెప్పి మళ్ళీ అడగాలి. అది అమ్మమ్మ పెట్టిన ఒకే ఒక్క నిబంధన. కొడుకుల కథలు రాసిన పేజీని మాత్రం చింపనివ్వలేదు. దాని వెనకవైపు నుంచే హల్బీ మొదలుపెట్టించింది.

ఇంటికొచ్చాక నన్నెదురుగా కూర్చోబెట్టుకుని, "తుచో నావ్ కాయ్ ఆయ్?" అని అడిగేది, అంటే నీ పేరేమిటని. రోజుకి నాలుగుసార్లు నా పేరు చెప్పలేక చచ్చేదాన్ని. వీధిలో పోయే పాలవాణ్ణీ, పోస్టుమాన్‌నీ కూడా అదే అడిగేది. ఎదురింటి బాబాయిగారు నవ్వి, "ఈ వయసులో మీకీ హల్బీ ఎందుకు పిన్నిగారూ? నేర్చుకుంటే హిందీ నేర్చుకోండి, ఎక్కడైనా పనికొస్తుంది" అన్నారు. అమ్మమ్మ, "ఎక్కడైనా నాకెందుకు బాబూ, నానున్నది ఇక్కడ గదా" అంది. నాన్న మాత్రం ఆ రాత్రి భోజనాల దగ్గర, ఆ నోటుపుస్తకం ఒకసారి ఇటివ్వమ్మా అని అడిగి తిరగేశారు.

ఉగాది వెళ్ళిన నెలకో, ఇంకొంచెం తరవాతో, ఆమా తిహార్ వచ్చింది. పల్లె నుంచి కూతురొచ్చి మమ్మల్ని పిలుచుకెళ్ళింది. వాగు పక్కన వాళ్ళ పెద్దలకి కాయలు పెట్టుకున్నారు. ఆ పని వాళ్ళది, మేం దూరంగా నిలబడ్డాం. అది ముగిశాక చింతపండు ఆవిడ ఇంటి ముందు చాప వేసింది. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. పాత అలవాటుకొద్దీ నేను గొంతు సవరించుకుని, ఇద్దరి మధ్యా నిలబడటానికి సిద్ధమయ్యాను.

ఆ అవసరమే రాలేదు. చింతపండు ఆవిడ ఆకు దొన్నెలో మామిడి ముక్కలు పెట్టుకుని వచ్చి, అచ్చం విజయనగరం యాసలో, "అక్కా, కూకో. తిను" అంది. బస్తరు పల్లెలో ఆ మాట వినపడేసరికి అమ్మమ్మ అడుగు ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని చాపమీదికి లాగుతూ, "ఇయా, బసా" అంది. రా, కూర్చో అని. ఆవిడింట్లో ఆవిణ్ణే కూర్చోమంటోందని అందరూ పగలబడి నవ్వారు. ఇద్దరూ ఒకరి నోట్లో ఒకరు ముక్క పెట్టుకున్నారు. వచ్చిన నలభై యాభై మాటలతోనే సాయంత్రం దాకా కబుర్లాడుకున్నారు. నావైపు ఒక్కరు చూస్తే ఒట్టు. ఆ పూట నా ఉద్యోగం ఊడిపోయింది. పోయినందుకు అంత సంతోషపడ్డ మనిషి మా గని ఊళ్ళో ఇంకెవరూ ఉండరు.

అమ్మమ్మ టిక్కెట్టు ఆ ఏడు తీయలేదు, మరుసటి ఏడూ తీయలేదు. నా జడలు నేను వేసుకునే వయసు వచ్చేదాకా మాతోనే ఉంది. నాన్న రిటైరయ్యాక పెట్టె సర్దుకోలేదు, ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేను ఈ చుట్టుపక్కల బళ్ళలోనే ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. హిందీ పాఠం అర్థం కాక బిక్కమొహం వేసిన పిల్లలకి హల్బీలో చెప్పేదాన్ని. అప్పుడు వాళ్ళ కళ్ళల్లో వచ్చే తేడా చూస్తే అమ్మమ్మ గుర్తొచ్చేది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పిల్లలు అడిగినదానికి తెలియకపోతే తెలియదనే చెప్పాను. ఆ అలవాటు ఎక్కడిదో చెప్తే నన్ను చదువు చెప్పమని ఎవరూ అడిగి ఉండరు.

ఈమధ్య మా పక్కింట్లోకి ఒక కొత్త జంట వచ్చింది. అబ్బాయికి గనిలో ఉద్యోగం. అమ్మాయిది రాజమండ్రి వైపు, చురుకైన పిల్ల. హిందీ ఎటూ వచ్చు, ఫోనులో అడిగితే ఏ భాషైనా అదే మార్చి చెప్తుంది, ఇంక హల్బీ కూడా నేర్చుకోవాలా ఆంటీ, ఎన్నాళ్ళుంటామో ఏమో అంది. నేను వాదించలేదు. ఎన్నాళ్ళుంటామో అన్న మాట మా అరుగుమీద నలభై ఏళ్ళు విన్నాను. అన్నవాళ్ళలో సగంమంది ఇక్కడే ఉండిపోయారు. మొన్న ఉగాదికి ఆ అమ్మాయికి పచ్చడి ఇస్తే, రుచి చూసి, "మామిడికాయ వెయ్యడం మర్చిపోయినట్టున్నారు ఆంటీ" అంది మొహమాటంగా.

మర్చిపోలేదమ్మా, అది ఇంకా రాలేదు అన్నాను. ఆమా తిహార్ నాడు నాతో రా, చింతపండు ఆవిడ మనవరాలి ఇంటికి వెళ్దాం అని చెప్పాను. ఆ పిల్ల సరేనంది. వచ్చే సంతకి నాతో వస్తానని కూడా అంది. మా అమ్మమ్మ పోయి చాలా కాలమైంది, ఆవిడ చెల్లెలూ పోయింది. వాళ్ళిద్దరికీ పెట్టేదాకా కొత్తకాయ నా గొంతు దిగదు. అందుకే మా ఇంట్లో ఉగాది పచ్చడికి ఈనాటికీ ఐదు రుచులే. ఆరోది వాళ్ళ పండుగనాడు, ఆకు దొన్నెలో, ఆ ఇంట్లో ఇంకా నిలిచి ఉన్న "కూకో అక్కా, తిను" అన్న పిలుపుతో వస్తుంది.